నాన్నకు హెపటైటిస్ బి, డీఎన్‌ఏ పరీక్షకు డబ్బుల్లేవు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అచ్చంపేట దగ్గర పల్లె. నేను ఉప్పల్‌లో ఆటో నడుపుతాను. ఊళ్లో నాన్నకు (58) కంటి ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తే హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష) పాజిటివ్ వచ్చింది. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే డీఎన్‌ఏ పరీక్ష చేయించాలంటున్నారు, వేలల్లో అవుతుందట. ఊళ్లో ఆర్‌ఎంపీ పసరు చాలంటున్నాడు. అమ్మ నాన్నకు కంచం, గ్లాసు వేరు చేసింది. నా భార్యకు ఏడో నెల. టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పసరు మానిపించండి. పసరుకు పేరెలా వచ్చిందంటే, కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరేమో పసరుకు పోతుంది. నాన్నగారిది అది కాదు, హెపటైటిస్ బి. ఈ వైరస్ ఆరు నెలలు దాటినా ఒంట్లో ఉంటే దీర్ఘకాలికం అంటాం, ఆయన వయసులో ఇలా అనుకోకుండా బయటపడిందంటే ఎప్పటినుంచో ఉండే అవకాశమే ఎక్కువ.

డీఎన్‌ఏ పరీక్ష ఉంటే మంచిదే, కానీ అది లేదని వైద్యం ఆపక్కర్లేదు. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ (ఈ రెండూ లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్లు, ఈ చిన్న పరీక్షలతోనే లివర్ ఎంత గట్టిపడిందో ఓ అంచనాకు రావచ్చు. ఏఎస్‌టీని ల్యాబ్ వాళ్లు నార్మల్‌గా రాసే పై అంకెతో భాగించి, 100తో హెచ్చవేసి, వేలల్లో చెప్పే ప్లేట్‌లెట్లతో భాగించాలి. ఏఎస్‌టీ 60, నార్మల్ 40 దాకా, ప్లేట్‌లెట్లు లక్షన్నర, అంటే 150 వేలు అనుకోండి, లెక్క 1 వస్తుంది. 0.5 దాటితే డీఎన్‌ఏ ఎంతున్నా మందు మొదలుపెట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. డీఎన్‌ఏ పరీక్ష దొరకని చోట ఏఎల్‌టీ పదేపదే ఎక్కువ వస్తున్నా మొదలుపెట్టొచ్చంది. పల్లెలకు ఇది పెద్ద ఊరట.

మందు టెనోఫోవిర్, రోజుకో మాత్ర. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెచ్ఐవీ పరీక్షలు తప్పనిసరి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఈ కార్యక్రమం పేరు చెప్పి అడగండి. డీఎన్‌ఏ పరీక్ష కూడా అక్కడే అడగండి, ప్రైవేటు ల్యాబ్‌కు పరిగెత్తే ముందు.

నాకు అసలు భయం తర్వాతి సంగతి. ఒళ్లు బాగానే ఉంది కదా అని, నాట్ల పనులున్నాయని, బస్సు ఛార్జీలు దండగని రెండు నెలలు మాత్ర ఆపేస్తారు. అప్పుడు వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ ఫెయిలయ్యే దాకా వెళ్లొచ్చు. ఇది చాలా ఏళ్లు, కొందరికి జీవితాంతం వాడే మందు. ఒకేసారి మూడు నెలలవి ఇవ్వగలరేమో అడగండి, చాలా తిరుగుళ్లు తప్పుతాయి. ఆర్నెల్లకోసారి కడుపు స్కానింగ్, సారా, కల్లు, మద్యం ఏదైనా బంద్.

అమ్మకు, మీకు, అన్నదమ్ములకు, మీ భార్యకు ఈ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించండి. నెగెటివ్ వచ్చి, ముందు టీకా వేయించుకోని వాళ్లు మూడు డోసులు వేయించుకోవాలి. ఈ టీకాను మన దేశంలో మొదట తయారుచేసింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్సే, 1997లో. మీ భార్యకు పాజిటివ్ వస్తే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి, ఆమెకూ మాత్ర అవసరమవచ్చు, బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా. వచ్చినా రాకున్నా పుట్టిన 24 గంటల్లో బిడ్డకు టీకా పడాల్సిందే, ఎందుకంటే పుట్టేటప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది.

ఇక కంచం సంగతి. కలిసి తింటే, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే ఇది అంటదు. రక్తం ద్వారా, లైంగికంగా, కాన్పులో తల్లినుంచి అంటుతుంది. వేరుగా ఉంచాల్సినవి బ్లేడు, గోళ్ల కత్తెర, బ్రష్షు. కంచం మళ్లీ అందరి వాటిలో కలిపేయమని అమ్మకు ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.