ఫ్యునికులర్ అంటే ఏమిటి, ఆ మాట ఎక్కడిది?

"కొండ ఎక్కే రైలును ఫ్యునికులర్ అంటారు కదా, అందులో 'ఫన్' ఉంది కాబట్టి సరదా రైలనా?" అని ఒకరు అడిగారు. ఫన్‌కూ దానికీ చుట్టరికం లేదండీ. లాటిన్‌లో ఫూనిస్ అంటే తాడు, ఫూనిక్యులస్ అంటే చిన్న తాడు. తాడు లాగే రైలు కాబట్టి ఆ పేరు. ఇటలీవాళ్లు ఇప్పటికీ తాడును ఫూనే అనే అంటారు. (లాటిన్‌వాళ్లకు ఈ 'చిన్న' తగిలించడం సరదా అనుకుంటా. కండకు పెట్టిన పేరు మస్క్యులస్ అంటే చిట్టెలుక!)

నాకు ఈ మాట మొదట రైలుగా తెలీదు. అనంతపురంలో ఇంటర్ బైపీసీ చదివేటప్పుడు బాటనీ సార్ 'ఫ్యునికిల్' అని చెప్పారు. పూవులో అండాన్ని అండాశయానికి కలిపే కాడ అది. పచ్చి శెనక్కాయ ఒలిచి చూడండి, గింజ ఒక సన్నని పోగుతో పొట్టును పట్టుకుని ఉంటుంది. ఏళ్ల తర్వాత పళనిలో గుడికొండ మీదికి తాడుతో లాగే రైలు, అదే వించి, ఎక్కినప్పుడు మా వాడు "ఇదే ఫ్యునికులర్ నాన్నా" అన్నాడు. అప్పుడు ఈ రెండు మాటలూ ఒకే తాడుకు కట్టినవని తట్టింది.

అది పనిచేసే తీరుకు నాకు బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే మా జేజనాయన కపిల గుర్తొస్తుంది. ఎద్దులు పల్లానికి నడుస్తాయి, మోకు గిలక మీదుగా సాగి నీళ్ల బాన పైకొస్తుంది. దిగే ఎద్దుల బరువు కూడా లాగుడుకు కలిసొస్తుంది. ఫ్యునికులర్‌లో ఎద్దుల చోట ఇంకో పెట్టె ఉంటుంది. ఒకే ఉక్కు మోకుకు చెరో కొసనా రెండు పెట్టెలు, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది. పైనున్న మోటారు రెండింటి బరువుల్లో తేడాకూ, రాపిడికీ సరిపడా లాగితే చాలు. పెట్టెలో ఇంజినే ఉండదు.

మధ్యలో రెండూ గుద్దుకోవా అంటే, ఒకే పట్టాల దారి అక్కడ కాసేపు రెండుగా చీలుతుంది. పట్టాల్లో కదిలే భాగాలేవీ లేకుండా చక్రాల ఆకారంతోనే ఎవరి దారిన వాళ్లు పోయే ఏర్పాటును 1879లో స్విట్జర్లాండ్‌లోని గీస్‌బాఖ్‌లో పెట్టారు. మరుసటేడే ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం మీదికీ ఫ్యునికులర్ వేశారు.

శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వేను కొందరు ఇదే అంటారు, కాదు. అది తాడుకు వేలాడుతుంది, ఇది పట్టాల మీద నడుస్తుంది.

తెలుగులో ఏమనాలని కూడా అడిగారు. నన్నడిగితే మోకు రైలు. పళని పోయొచ్చినవాళ్లు మాత్రం వించి అనే అంటారు.