బావగారి కాలు ఎవరికి చూపించాలి

చి॥ రాఘవకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

బావగారి ఎడమ కాలి బొటనవేలు నల్లబడిందనీ, వేలు తీసివేయక తప్పదని అక్కడి డాక్టరుగారు చెప్పారనీ నువ్వు రాసినది చదివాను. నువ్వు పంపిన ముగ్గురు రక్తనాళాల సర్జన్ల వివరాలూ చూశాను. పేరు పక్కన ఎక్కువ అక్షరాలున్న వారిని ఎంచుకోవడం కాదు, ఆ అక్షరాలు ఏ పని నేర్చినందుకు వచ్చాయో చూడాలి.

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎం.ఎస్. జనరల్ సర్జరీ 3 ఏళ్లు, ఆపైన వాస్క్యులర్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డి.ఆర్.ఎన్.బి. గానీ మరో 3 ఏళ్లు చదివినవారు ఈ విభాగంలోకి వస్తారు. మా తరంలో ఇది చాలాచోట్ల విడి శాఖ కాదు; గుండె, ఛాతీ ఆపరేషన్లతో పాటు సి.టి.వి.ఎస్.గా నేర్చుకున్నవారే కాళ్ల నాళాలనూ చూసేవారు. నీ జాబితాలోని పెద్దాయన ఆ కోవకు చెందినవారు. అంతమాత్రాన ఆయనను పక్కన పెట్టకు, కానీ ఈ మధ్య కాళ్ల కేసులు ఎన్ని చేస్తున్నారో మొహమాటపడకుండా అడుగు.

రెండో ఆయన వివరాల్లో అంతా వేరికోస్ వెయిన్లు, లేజరు గురించే ఉంది. అది రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరల జబ్బు. బావగారిది కాలికి రక్తం తెచ్చే ధమనుల జబ్బు కావచ్చు. డయాలిసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేయడం, పొట్టలో ఉబ్బిన అయోర్టాను, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని, సరిచేయడం, మెడ ధమనిలోని పూడికను తీయడం కూడా ఈ శాఖ పనులే అయినా, అన్నింటిలోనూ చేయి సమానంగా తిరిగినవారు అరుదు.

అందుచేత అందరినీ ఒకే సంగతి అడుగు: మోకాలి కింది సన్నని ధమనుల్లో పూడికను తెరవడానికి బెలూన్ వేస్తారా, అది కుదరకపోతే కాలిలోని సిరనే వాడి బైపాస్ కూడా చేస్తారా? బావగారిలా సుగర్ ఉన్నవారికి పూడిక ఎక్కువగా అక్కడే వస్తుంది. ఒక్క బెలూనే తెలిసినవారికి ప్రతి కాలూ బెలూన్ కేసుగానే కనిపిస్తుంది. కత్తి ఒక్కటే తెలిసినవారి సంగతీ అంతే.

వేలు తీయడానికి ముందే పాదానికి రక్తం ఎంత అందుతోందో తేలాలి. ఎం.ఎస్. చదివే రోజుల్లో నేను పాదం మీద నాడి పట్టి చూడకుండానే ఒకాయన వేలు తీసేశాను. గాయం మానలేదు, చివరకు మోకాలి కింద కాలే తీయవలసివచ్చింది. ఆ తరువాత ముందు నాడి చూడకుండా ఏ పాదం మీదా కత్తి పెట్టలేదు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూసే పరీక్ష ఒకటుంది, 0.9 కన్నా తగ్గితే పూడిక ఉన్నట్లు లెక్క. అయితే సుగర్ వల్ల ధమనులు గట్టిపడితే అది 1.4 దాటి అబద్ధం చెబుతుంది కనుక, ఆ అంకె బాగుందని ఊరుకోక కాలివేలి రక్తపోటు, నాళాల్లో రక్తం పారడాన్ని చూపే డాప్లర్ స్కాన్ కూడా చూడమను. నాళాలను ఫొటో తీసే యాంజియోగ్రామ్‌కు ఎక్కించే మందు కిడ్నీలపై భారం వేయవచ్చు కాబట్టి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లు.

ఇదంతా రోజుల్లో తేలాలి, వారాలు పట్టకూడదు. చీము, జ్వరం కనిపిస్తే మాత్రం చీము తీయించడం ఆ రోజే జరగాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, మొద్దుబారి, కదలకుండా పోతే ఈ జాబితా సంగతి వదిలేసి దగ్గరి పెద్దాసుపత్రికి పరుగెత్తండి. అప్పుడు చేతిలో ఉండేది ఆరు గంటలే అనుకోవాలి.

అక్కయ్య వేడినీళ్ల కాపడం పెడుతోందట, వెంటనే ఆపించు. స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్నదీ తెలియదు. బావగారి బీడీల కట్ట నువ్వే దాచెయ్యి, నా పేరు చెప్పు. డాప్లర్ రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య