చచ్చిన పక్షి డీఎన్ఏ ఎవరికి పనికొస్తుంది?

"అంతరించిన పక్షుల ఎముకల్లోంచి డీఎన్ఏ తీయడానికి అంత ఖర్చెందుకు? ఉన్నవాటిని కాపాడుకుంటే చాలదా?" అని ఒకరు అడిగారు. చాలదు. నేను విశాఖలో జువాలజీ చదివి, ఇక్కడే ఇంటర్ పిల్లలకి అదే చెబుతున్నాను. ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు మా కాలేజీ మ్యూజియమే గుర్తొస్తుంది.

అప్పుడు నాది డిగ్రీ రెండో సంవత్సరం. తనిఖీకి ఎవరో వస్తున్నారని మ్యూజియం గదికి సున్నాలు వేయిస్తూ బీరువాలన్నీ వరండాలోకి లాగారు. ఒక సొరుగు తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల పాలపిట్టలు వరసగా వెల్లకిలా ఉన్నాయి. కళ్ల చోట దూది. రెక్కల నీలం మాత్రం దసరా నాడు చూసినట్టే ఉంది. ఒక్కోదాని కాలికి దారం ముడి ఉంది గానీ, ఎక్కడ ఎప్పుడు దొరికిందో చెప్పే చీటీ లేదు. మాసిపోయి అసహ్యంగా ఉన్నాయని ఎవరో కత్తిరించేశారట. ఒక్కదానికే మిగిలింది, సిరాతో "వాల్తేరు, 1931" అని.

చేతిలోకి తీసుకోబోతే అటెండర్ గారు ఆపారు. "ముట్టుకోకమ్మా, పాషాణం రాసుంటాది. అన్నీ పురుగు పట్టీసినాయి, పారేయమన్నారు."

మా శాఖ పెద్ద హెచ్‌వోడీ గారి దగ్గరికి పరుగెత్తాను. "కొత్త చార్టులు తెప్పిస్తున్నాం కదమ్మా" అన్నారు. సాయంత్రానికి అవన్నీ చెత్త బండెక్కాయి. వాల్తేరు చీటీ ఒక్కటే నా దగ్గర ఉండిపోయింది. పక్షి లేని చీటీ, చీటీ లేని పక్షి. రెండూ దేనికీ కొరగావు.

పాలపిట్టలు ఇంకా ఉన్నాయిగా అంటారేమో. మన కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, పోయిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లాలో దొరికింది. దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. దాని గుడ్డు ఎలా ఉంటుందో మాత్రం అప్పటికీ ఎవరికీ తెలియదు. 1917లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో పడి ఉంటే, డీఎన్ఏ పరీక్ష చేసి అది కలివికోడిదేనని 2013లో ప్రకటించారు. ఆ గుడ్డుని ఎవరూ చెత్త బండెక్కించలేదు కాబట్టే ఆ పరీక్ష జరిగింది. ఇలాంటి పాత నమూనాల్లో కాలి వేలి కింద తోలు చిన్న ముక్క కోస్తే చాలు, డీఎన్ఏ వస్తుంది. మా వరండాలో అన్ని కాళ్లున్నాయి!

ఇక ఉన్నవాటిని కాపాడటం గురించి. అమెరికాలోని ఇల్లినాయిలో ప్రెయిరీ చికెన్ అనే గడ్డిమైదానాల కోడి 1990ల మొదట్లో యాభై కూడా మిగల్లేదు, పెట్టిన గుడ్లూ సరిగ్గా పొదగడం లేదు. 1930ల నాటి మ్యూజియం నమూనాలతో పోల్చి చూస్తే, అప్పుడున్న జన్యు వైవిధ్యంలో కొంత పోయిందని తేలింది. వేరే రాష్ట్రాల నుంచి కోళ్లు తెచ్చి వదిలాక గుడ్లు మళ్లీ బాగా పొదిగాయి. పాత నమూనాలు లేకపోతే ఏం పోయిందో ఎవరు చెప్పగలరు?

నాకు బాధ కలిగించే విషయం ఇంకోటి ఉంది. టీవీలో "అంతరించిన డోడో పక్షి మళ్లీ పుడుతోంది" అని వస్తే చాలు, క్లాసులో పిల్లలు అదొక్కటే అడుగుతారు. డోడోకి బతికున్న దగ్గరి చుట్టం నికోబార్ పావురమని డీఎన్ఏతో 2002లోనే తేల్చారు. మన విశాఖ రేవులో ఓడెక్కితే చేరే దీవుల వైపు పక్షి అది! దాని గురించి ఒక్క చానల్ వాళ్లూ చెప్పరు.

శిలాజాలున్నాయిగా, పాత నమూనాలు పోతే ఏమైందనీ అనకండి. న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షుల 158 ఎముకలు పరీక్షించి, 13 డిగ్రీల చల్లదనంలో కూడా డీఎన్ఏ 521 ఏళ్లకి సగం విరిగిపోతుందని 2012లో లెక్కగట్టారు. మన ఉక్కపోతకి, ఉప్పుగాలికి ఇంకెంత మిగులుతుంది? గుడ్డు పెంకు కొంత నయం. మన దేశంలో 25,000 ఏళ్ల కిందటి నిప్పుకోడి పెంకుల్లోంచి హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు డీఎన్ఏ తీసి, అవి ఆఫ్రికా నిప్పుకోళ్ల జాతివేనని 2017లో చూపించారు. ఆ అదృష్టం ప్రతి పక్షికీ ఉండదు.

మీ కాలేజీలో అలాంటి బీరువా ఉంటే, సున్నాలు వేయించే ముందు గ్లౌజులు వేసుకుని ప్రతి చీటీకీ ఫొటో తీయండి. దారం మాత్రం కత్తిరించకండి.