డాక్టర్ సలహా: ట్రాక్‌ప్యాడ్ వాడుతుంటే ముంజేయి లాగుతోంది, మళ్లీ మౌస్‌కు మారాలా?

ప్రశ్న: నా వయసు 38. అకౌంట్స్ పని కావడంతో రోజుకు 8, 9 గంటలు డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందే గడుస్తుంది. మౌస్‌తో మణికట్టు నొప్పి వస్తోందని నాలుగు నెలల క్రితం విడి ట్రాక్‌ప్యాడ్ (ల్యాప్‌టాప్‌లో ఉండే లాంటి, వేలితో తాకి పని చేసే పలక) కొని, కీబోర్డుకు కుడి పక్కన, అంకెల మీటలు దాటాక పెట్టుకొని వాడుతున్నాను. మణికట్టు నొప్పి తగ్గింది గానీ, నెలన్నరగా కుడి మోచేతికి కాస్త కింద, ముంజేతి పైభాగంలో లాగుతున్నట్లు ఉంటోంది. సాయంత్రానికి సీసా మూత తిప్పినా కలుక్కుమంటోంది. తిమ్మిర్లు లేవు. షుగర్, థైరాయిడ్ సమస్యలు లేవు. మళ్లీ మౌస్‌కు మారిపోవాలా? మోచేతికి ఒక ఇంజెక్షన్ చేయించుకుంటే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా?

జవాబు: మీరు రాసిన లక్షణాలు టెన్నిస్ ఎల్బో అని పిలిచే సమస్యకు దగ్గరగా ఉన్నాయి. పేరు చూసి కంగారు పడకండి. రాకెట్ ఎన్నడూ పట్టని వారే ఈ నొప్పితో మా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. చేతితో పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ట్రాక్‌ప్యాడ్ మీద మీ చెయ్యి గాలిలో నిలబడి ఉండే తీరు వల్లే ఈ ఇబ్బంది మొదలై ఉంటుందని నా అనుమానం.

మౌస్ పట్టుకున్నప్పుడు అరచేయి దాని వీపు మీద వాలిపోతుంది, వేళ్లు మీటల మీద ఊరికే పడుకొని ఉన్నా నొక్కేదాకా ఏమీ జరగదు. ట్రాక్‌ప్యాడ్ విషయంలో ఈ వెసులుబాటు లేదు. ఒక వేలు ఆనితే బాణం గుర్తు కదులుతుంది, పక్క వేలు కూడా తగిలితే పేజీ జారిపోతుంది. ఒకటి రెండుసార్లు అలా జరిగాక మన చెయ్యి తనంతట తానే జాగ్రత్త నేర్చుకొని, పనిలో లేని వేళ్లను పైకి లేపి, మణికట్టును కాస్త వెనక్కి వంచి, గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. వేళ్లనూ మణికట్టునూ పైకి లేపే కండరాలు ముంజేతి పైభాగంలో ఉంటాయి, వాటిలో చాలావరకు మోచేతి బయటి వైపున ఉన్న ఎముక బుడిపె దగ్గరే మొదలవుతాయి. కదలకుండా బిగపట్టి ఉంచిన కండరం, కదులుతూ పని చేసే కండరం కన్నా త్వరగా అలసిపోతుంది. ఆ భారమంతా బుడిపెకు అతుక్కొని ఉన్న టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) మీద పడుతుంది.

ఇది మీరే పరీక్షించి చూసుకోవచ్చు. ఎడమ చేతి వేళ్లను కుడి ముంజేతి పైభాగాన, మోచేతికి నాలుగు వేళ్ల దిగువన ఆనించి, కుడి చేతిని బల్ల మీద పూర్తిగా వదిలేయండి. కండరం మెత్తగా తగులుతుంది. ఇప్పుడు మధ్యవేలు, ఉంగరం వేలు మాత్రం ఒక అంగుళం పైకి లేపండి. అడుగున తాడు బిగిసినట్లు తెలుస్తుంది. తర్వాత ట్రాక్‌ప్యాడ్ మీద మామూలుగా పని చేస్తూ, పావుగంటకోసారి అదే చోట ఎడమ చేతితో తడిమి చూడండి. తాడు బిగిసే ఉంటే కారణం దొరికినట్లే.

ఇక చేయవలసిన మార్పులలో మొదటిది చేతికి ఆసరా. కుర్చీని బల్లకు దగ్గరగా జరుపుకొని, ముంజేతిలో కనీసం సగభాగం బల్ల మీద ఆనేలా ట్రాక్‌ప్యాడ్‌ను లోపలికి నెట్టండి. అరచేతి మడమ భాగం ప్యాడ్ ముందున్న బల్ల మీద తేలికగా ఆనాలి, కానీ మణికట్టు మధ్యభాగాన్ని బల్ల అంచుకు అదిమి పెట్టకూడదు, ఎందుకంటే వేళ్లకు వెళ్లే మీడియన్ నరం అక్కడి నుంచే వెళుతుంది. పనిలో లేని వేళ్లు పైకి లేవకుండా, కొద్దిగా ముడుచుకొని, ప్యాడ్ అంచు దాటి బల్ల మీదికి వాలి ఉండటం మేలు.

రెండోది స్థానం. అంకెల మీటలు దాటాక ప్యాడ్ పెట్టారంటే మీ భుజం రోజంతా బయటికి తిరిగి, మోచేయి ఒంటికి దూరంగా ఉంటోందన్నమాట. అకౌంట్స్ పనికి అంకెల మీటలు తప్పవు కాబట్టి, ప్యాడ్‌ను ఎడమ పక్కకు మార్చమంటాను. అటువైపు కీబోర్డుకు అదనపు మీటలు ఉండవు గనుక ప్యాడ్ ఒంటికి దగ్గరగా వస్తుంది, కుడి ముంజేతికి విశ్రాంతి దొరుకుతుంది, కుడి చెయ్యి అంకెల మీటల మీదే ఉండిపోవచ్చు. మొదటి వారం విసుగ్గా ఉంటుంది. ప్యాడ్ మీద ఎడమ చెయ్యి, మౌస్ మీద కంటే తొందరగానే అలవాటు పడుతుందని వాడిన వారు చెబుతుంటారు. ఎక్కడ పెట్టినా మణికట్టు పక్కకు వంగకుండా ముంజేయి, మధ్యవేలు ఒకే గీతలో ఉండాలి. అందుకోసం ప్యాడ్‌నే ఏటవాలుగా తిప్పేస్తే బాణం గుర్తు కూడా వాలుగా పోతుంది గనుక, ప్యాడ్‌ను తిప్పే బదులు పక్కకు జరుపుకోండి.

సెట్టింగుల విషయంలో చాలామంది ఒకే సలహా ఇస్తారు: గట్టిగా నొక్కే బదులు తట్టితే క్లిక్ అయ్యే సదుపాయం ఆన్ చేసుకోమని. వేలితో నొక్కే బలం తక్కువ సరిపోతుంది కాబట్టి సలహా మంచిదే. కానీ పొరపాటున తగిలి క్లిక్ అయిపోతుందనే భయంతో వేళ్లు ఇంకాస్త పైకి లేపే వారికి అదే బెడిసికొడుతుంది. లెక్కల పట్టికల్లో పని చేసే మీలాంటి వారికి ఆ భయం సహజం. తట్టి క్లిక్ చేయడం ఒక వారం, నొక్కి క్లిక్ చేయడం ఒక వారం వాడి, పైన చెప్పినట్లు రెండో చేతితో తడిమి, ముంజేయి ఎప్పుడు మెత్తగా ఉందో చూసి నిర్ణయించుకోండి. యాపిల్ ట్రాక్‌ప్యాడ్ అయితే, 2015 నుంచి వస్తున్న వాటిలో క్లిక్‌కు ఎంత ఒత్తిడి కావాలో ఎంచుకునే వీలుంది. దాన్ని అన్నింటికంటే తేలిక స్థాయిలో పెట్టుకోండి. బాణం గుర్తు వేగాన్ని, తెర ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క వేలి కదలికతో చేరేటంత పెంచుకుంటే చెయ్యి ఎత్తి మళ్లీ పెట్టే పని తప్పుతుంది.

నొక్కి పట్టి లాగడం మాత్రం ట్రాక్‌ప్యాడ్ మీద కష్టమైన పనే, చాలామంది బొటనవేలితో నొక్కి చూపుడు వేలితో లాగుతారు. అది అలవాటైతే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన మరో నొప్పి మొదలయ్యే ప్రమాదం ఉంది; స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వెర్వేన్ 1895లో వివరించిన ఆ వ్యాధిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. మ్యాక్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మూడు వేళ్లతో లాగే సదుపాయం, విండోస్‌లో రెండుసార్లు తట్టి లాగే సదుపాయం ఉన్నాయి. గడులను ఎంచుకోవడానికి షిఫ్ట్ మీట, బాణం మీటలు అన్నింటికన్నా హాయి.

కాబట్టి పూర్తిగా మౌస్‌కు మారనవసరం లేదు, దాన్ని పారేయనవసరమూ లేదు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి వాడితే ఒకే కండరం మీద రోజంతా భారం పడదు. అరగంటకోసారి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని అర నిమిషం వదిలేయండి.

బలం పెంచే వ్యాయామం ఒక్కటి చాలు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి నేలవైపు, మణికట్టు అంచు దాటి ఉండేలా పెట్టి, అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. ఎడమ చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, సాయం తీసేసి, నాలుగైదు సెకన్లు పట్టేలా నెమ్మదిగా కిందికి దించండి. రోజూ 10 నుంచి 15 సార్లు చేయండి. కాస్త నొప్పి ఉన్నా పరవాలేదు, మరునాటికి పెరిగితే సీసాలో నీళ్లు తగ్గించండి. టెండన్ నెమ్మదిగా కోలుకుంటుంది, ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి బిళ్లలు సొంతంగా వారాల తరబడి వేసుకోవద్దు.

మీ స్నేహితుడు చెప్పినది స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయి ఉంటుంది. దాంతో తొలి కొన్ని వారాలు బాగా ఉపశమనం ఉంటుంది, అందుకే దానికంత పేరు. అయితే ఏడాది తర్వాత పోల్చి చూసిన అధ్యయనాల్లో, ఇంజెక్షన్ తీసుకున్న వారి పరిస్థితి తీసుకోని వారి కంటే మెరుగ్గా లేదు, నొప్పి తిరగబెట్టడం కూడా వారిలోనే ఎక్కువగా కనిపించింది. మీ దశలో నేనైతే దాన్ని సూచించను.

ఆరు వారాల తర్వాతా తగ్గకపోయినా, ఈలోగా వేళ్లలో తిమ్మిరి మొదలై రాత్రి నిద్ర లేపుతున్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, నొప్పి మెడ నుంచి చేతిలోకి పాకుతున్నా, మోచేయి వాచి ఎర్రబడినా ఆగకుండా ఎముకల వైద్యుడిని కలవండి. వెళ్లేటప్పుడు మీరు పని చేస్తుండగా పక్క నుంచి తీసిన అర నిమిషం వీడియో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. వేళ్లు ఎంత ఎత్తున నిలబడి ఉన్నాయో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.