ముప్పై ఒకటో రోజు మాత్ర ఎవరిస్తారు?

చిత్తూరు

అమ్మాయీ,

ప్రభువు నామంలో నీకు దీవెనలు. మెడికల్ టీమ్‌తో పన్నెండు రోజులకి ఆఫ్రికాలోని మలావీ వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. "నువ్వు వెళ్లొచ్చినదానివి కదక్కా, దానికి నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు గానీ ఒక్కటీ నీ చెవికెక్కదు. అందుకే రాస్తున్నా.

ముందు సూది సంగతి. ఎల్లో ఫీవర్ ఉన్న ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా టికెట్లు తీశారట కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో. ప్రయాణానికి పది రోజుల ముందైనా పడాలి, లేకపోతే టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తే అదో టెన్షన్. మనకి అందుబాటులో ఉన్నది చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఒక్కసారి వేయించుకుంటే జన్మకి చాలు. మలేరియాకి డాక్సీసైక్లిన్ రాసిస్తే, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు మింగాలి. ఇంటికి చేరాం కదా అని మానేసి మంచమెక్కినవాళ్లని చూశా. అక్కడి సరస్సు అద్దంలా ఉంటుంది, దిగబాకు. నీళ్లలో నత్తలుంటాయి, వాటి నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచి దూరిపోతుంది.

ఇక అసలు సంగతి.

నేను మలావీ వెళ్లినప్పుడు, నాలుగో రోజు మామిడి చెట్టు కింద బల్ల వేసుకుని బీపీలు చూస్తున్నా. ఒక ముసలామె వచ్చింది. 210/120. మళ్లీ చూశా, అంతే. కాగితం పొట్లంలో ముప్పై ఆమ్లోడిపిన్ బీపీ మాత్రలు కట్టి, పొద్దు పొడవడం చేత్తో చూపించి, రోజుకొకటి అని వేలెత్తాను. ఆమె మోకాళ్లు వంచి, రెండు చేతులూ చాచి, ప్రసాదం తీసుకున్నట్టు తీసుకుంది. "జికోమో" అంది. వాళ్ల చిచేవాలో కృతజ్ఞత చెప్పే మాట. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇందుకే కదా ప్రభువా నన్నింత దూరం పంపావు అనుకున్నా.

సాయంత్రం ట్రేలు కడుగుతుంటే అక్కడి ఆసుపత్రి సిస్టర్ అడిగింది, "ముప్పై ఒకటో రోజు మాత్ర ఎవరిస్తారు?" అని. కోపంగా కాదు, ఉప్పుందా అని అడిగినట్టు అడిగింది. తర్వాత ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చి చూపించింది. అట్ట ఊడిపోతే కుట్టుకుంది. ఊరి పేరు, మనిషి పేరు, బీపీ, ఇచ్చిన మాత్ర, మళ్లీ రావలసిన తేదీ. అందులో ఆ ముసలామె పేరుంది. ఆమెకి అప్పటికే హైడ్రోక్లోరోథయాజైడ్ అనే వేరే బీపీ మాత్ర నడుస్తోంది. వాళ్ల స్టోరులో ఎప్పుడూ దొరికేది అదే. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. విదేశాల నుంచి వచ్చిన మాత్ర అని ఆమె పాతది పక్కన పడేస్తే, నెల తర్వాత రెండూ ఉండవు.

కాబట్టి ఇప్పుడే ఆ ఆసుపత్రికి మెయిల్ పెట్టి, వాళ్ల దగ్గర నడిచే మందుల లిస్టు తెప్పించుకోండి. అందులో లేనిది ఒక్క స్ట్రిప్ కూడా పెట్టెలో పెట్టొద్దు. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ శాంపిళ్లు మూటగట్టి ఇస్తామనే పుణ్యాత్ములు మన దగ్గర చాలామంది. అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువుండాలని డబ్ల్యూహెచ్‌వో ఎప్పుడో చెప్పింది. మొహమాటపడకుండా వద్దను. మందులు తీసుకెళ్లడానికి, నువ్వు అక్కడ రోగి మీద చెయ్యి వేయడానికి, రెండింటికీ వాళ్ల అనుమతి కాగితాలుండాలి.

నేను వేలూరులో చదువుకున్నదాన్ని. డాక్టరమ్మ ఐడా స్కడ్డర్ 1900లో అక్కడ ఒక్క మంచంతో వైద్యశాల మొదలుపెట్టి, 1918లో ఆడపిల్లలకి వైద్యం నేర్పే స్కూలు పెట్టింది. మా తాత, అంటే మీ ముత్తాత, క్షయతో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో నెలల తరబడి పడుకున్నాడు. క్షయకి స్ట్రెప్టోమైసిన్ మందు ఇంకా రాని రోజులు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అదే వైద్యం. ఆయన చూసిన మిషనరీ దొరలు ఇక్కడే ఉండిపోయినవాళ్లు. నేనూ వాళ్లలాంటిదాన్నే అన్నట్టు విమానం ఎక్కాను. నాది పన్నెండు రోజుల సంబడం అని ఆ నోట్‌బుక్ చూశాకే తెలిసింది. దేవుణ్ణి మేమేదో సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్తున్నట్టు మాట్లాడుకున్నాం. ఆయన అప్పటికే అక్కడ అట్ట కుట్టిన నోట్‌బుక్ దగ్గరున్నాడు.

ఇంకోటి చెప్పాలి. ఇది రాయడం కష్టం. మా టీమ్ లీడర్ ముందు వాక్యం, తర్వాతే టోకెన్లు అని పట్టుబట్టాడు. ఆరో రోజు ఒక తల్లి, ఒళ్లో జ్వరంతో ఉన్న బిడ్డతో, నలభై నిమిషాలు ప్రసంగం విని నా దగ్గరకొచ్చింది. వచ్చేసరికి బిడ్డకి ఫిట్స్. మలేరియా టెస్టు పాజిటివ్. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ వేశాం. తెల్లవారుజామున పోయాడు. ఆ నలభై నిమిషాల వల్లేనా అంటే చెప్పలేను. కానీ నేను లేచి ఆ వరుసలోకి వెళ్లి బిడ్డల నుదురు తాకి చూడొచ్చు కదా? చూడలేదు. నువ్వు చూడు. ప్రసంగం నడుస్తున్నా సరే, పాస్టరు అయ్యగారు గుడ్లురిమినా సరే.

ఆ రాత్రి నా నోట ప్రార్థన రాలేదు. ముప్పై ఏళ్లు సండేస్కూల్లో ప్రార్థన నేర్పినదాన్ని. ఊరి ఆడవాళ్లు వచ్చి నేలమీద కూర్చుని పాడారు. మాటలు తెలియవు, రాగం మాత్రం మన గుళ్లో పాడేదే. నేను పెదాలు కదపలేదు, వాళ్ల మధ్య కూర్చున్నానంతే. నీకూ అలాంటి రాత్రి వస్తే కంగారుపడి పెద్ద మాటలు వెతుక్కోవద్దు.

మర్నాటి నుంచి బల్ల మానేసి వార్డుకెళ్లా. చివరి నాలుగు రాత్రులూ ఆ సిస్టర్ డ్యూటీ నేను చేశా. ఆమె రెండేళ్ల తర్వాత వాళ్లమ్మని చూడ్డానికి ఊరెళ్లింది. నా ప్రయాణంలో పనికొచ్చింది అదొక్కటే అని నా లెక్క. మీ అయ్యగారు ఒప్పుకోకపోవచ్చు.

తిండికి బెంగపడొద్దు. న్సిమా అని జొన్నపిండితో కాదు, మొక్కజొన్న పిండితో ముద్ద చేస్తారు. తెల్లగా ఉంటుందే గానీ మన సంగటే. ఆకుకూరలో ముంచుకుని చేత్తో తినడమే. మా టీమ్‌లో కొందరు గదిలో తలుపేసుకుని ఊరగాయతో బిస్కెట్లు తిన్నారు. వండిపెట్టినామెకి తెలిసిపోయింది. ఉన్న ఒక్క కోడినీ కోసిందామె.

తిరిగొచ్చాక ఆదివారం సాక్ష్యం చెప్పమంటారు. నేను ఎంతమందిని చూశామో లెక్క చెప్పి చప్పట్లు కొట్టించుకున్నా. నువ్వు ఆ బిడ్డలాంటి వాళ్ల ఫొటోలు తెర మీద వేయకు.

పెట్టెలో చోటుంటే బీపీ మిషన్‌కి పెద్ద సైజు కఫ్‌లు రెండు కొనిస్తా, ఆ సిస్టర్‌కి ఇవ్వు. వాట్సాప్‌లో అడిగింది. గిండీకి ఏ రోజు వెళ్తున్నావో చెప్పు, నేనూ వస్తా. తెల్లవారి బస్సుకి పోతే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.

మీ అత్త