డానిష్ కుండీల మీద ఇష్టం ఉంటే ఎంఎస్సీ మానాలా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. 1950ల నాటి డెన్మార్క్ స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) కుండీలంటే నాకు ప్రాణం. డిగ్రీ అయ్యాక వాటిని సేకరించి అమ్ముతూ బతకాలనుంది. నాన్న ఎంఎస్సీ చేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: ఈ విషయంలో నేను మీ నాన్నగారి వైపే. కానీ మీ ఇష్టాన్ని వదులుకోమని చెప్పను.

డెన్మార్క్ కళాకారుడు ఆక్సెల్ సాల్టో చేసిన పెద్ద కుండీలు వేలంలో లక్షలు పలుకుతాయి. డిగ్రీ అవ్వగానే ఆ వ్యాపారంలో దిగితే పెట్టుబడి, కస్టమ్స్ డ్యూటీ, దారిలో పగిలిపోతుందేమోనన్న టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు.

సాల్టో రాయల్ కోపెన్‌హాగన్ అనే డెన్మార్క్ పింగాణీ కంపెనీలో చేసిన కుండీని దగ్గరగా చూడండి. ఒంటి నిండా మొగ్గలు, చిగుళ్లు పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. కొలిమి వేడికి గ్లేజ్ (కుండీ మీద గాజులా మెరిసే పూత) కరిగి, ఆ మొగ్గల కొసల మీద పలచబడి, కింది గుంటల్లో చిక్కగా చేరుతుంది. ఒకే గ్లేజ్ ఒకచోట లేతగా, ఇంకోచోట ముదురుగా కనిపించేది అందుకే. ఇదంతా కెమిస్ట్రీయే!

డెన్మార్క్‌లోని సాక్స్‌బో కుండీల వర్క్‌షాప్ పేరు మీరు వినే ఉంటారు. 1968 దాకా నడిచిన ఆ వర్క్‌షాప్‌ను పెట్టిన నటాలీ క్రెబ్స్ కెమికల్ ఇంజినీర్. గ్లేజులు ఆవిడవి, చాలా పాత్రల రూపాలు ఎవా స్టెయర్ నీల్సన్‌వి. మీ డిగ్రీ ఈ రంగానికి అడ్డం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇనార్గానిక్ లేదా మెటీరియల్స్ వైపు ఎంఎస్సీ చేయండి. ప్రాజెక్టుకి గ్లేజ్‌నే ఎంచుకోండి. గూడూరు ప్రాంతంలో గ్లేజ్‌లో వాడే ఫెల్డ్‌స్పార్ ఖనిజం దొరుకుతుంది, ముడిసరుకు కోసం దూరం వెళ్లక్కర్లేదు. కోల్‌కతాలోని గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ సీజీసీఆర్‌ఐలో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో అడగండి. తర్వాత టైల్స్, శానిటరీవేర్ కంపెనీల ల్యాబుల్లో ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. పాత వస్తువుల మీదే మనసుంటే వాటిని పాడవకుండా కాపాడటం నేర్పే మ్యూజియం కన్జర్వేషన్ కోర్సులున్నాయి. చేత్తో చేయాలనుంటే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ పీజీ ఉంది. సెలవుల్లో పుదుచ్చేరి వెళ్లి, స్టోన్‌వేర్ కాల్చే స్టూడియోలు చూసి రండి.

సేకరణ మాత్రం జీతం మొదలయ్యాక, చిన్న గిన్నెతో ప్రారంభించండి. కొనేముందు అడుగుభాగం ఫొటో తప్పకుండా అడగండి. రాయల్ కోపెన్‌హాగన్‌దైతే మూడు అలల గుర్తు ఉంటుంది. ఆ అలల మీద అడ్డంగా గీత గీసి ఉంటే అది సెకండ్ క్వాలిటీ, పూర్తి ధర పెట్టకండి.