హవాయిలో తెడ్డు వేసి బతకొచ్చా?

"హవాయి వెళ్లి ఔట్‌రిగ్గర్ (పక్కన తేలే దుంగ కట్టిన) పడవలు నడుపుతూ స్థిరపడాలని ఉంది. దాని మీద సంపాదన ఉంటుందా?" అని అడిగారు.

ఉండదండీ. మావీ ద్వీపంలో అయిదేళ్లు ఉన్నాను, ఒక హోటల్లో రాత్రి లెక్కలు చూసేవాణ్ణి. వైకీకీ బీచ్‌లో టూరిస్టులను అలల మీద తిప్పే కొద్దిమందిని పక్కన పెడితే, పడవతో ఇల్లు గడిపినవాళ్లు నాకైతే కనబడలేదు. మొలొకాయి ద్వీపం నుంచి ఓఆహు ద్వీపం దాకా సుమారు 65 కిలోమీటర్ల పందెం 1952 నుంచి ఉంది. ఆ సముద్రం దాటొచ్చినవాడు కూడా సోమవారం డ్యూటీకి పోవాల్సిందే.

నేను సరదాకి చేరిన క్లబ్బు పడవలో ఆరు సీట్లు. ముందు కూర్చున్నవాడి వేగమే అందరి వేగం. ఆరో సీటులో చుక్కాని ఆంటీది. అక్కడా మనలాగే, పెద్దవాళ్లందరూ ఆంటీ, అంకులే. ఆవిడ తెల్లారగట్ల స్కూలు బస్సు నడిపి, పగలు హోటల్ గదులు సర్ది, సాయంత్రం కీహే బీచ్‌కి వచ్చేది.

నేను క్లబ్బులో చేరిన రెండో వారం. పడవకి ఎడమ పక్క రెండు అడ్డకర్రలతో కట్టిన తేలే దుంగ ఉంటుంది, దాన్ని ఆమా అంటారు. బరువు అటే ఉంచాలి, కుడికి ఒరగొద్దు అని వందసార్లు చెప్పారు. కుడివైపు తాబేలు తల ఎత్తింది. చూద్దామని వంగాను. ఆమా గాల్లోకి లేచింది, ఆరుగురం నీళ్లలో! దీన్నే హూలీ అంటారు. ఆంటీ వెంటనే లెక్క మొదలెట్టింది, ఎవరి సీటు నంబరు వాళ్లు అరవాలి. నా వంతు వచ్చేసరికి కంగారులో "నాలుగూ!" అని తెలుగులోనే అరిచాను. తర్వాత ఇద్దరు బోల్తాపడ్డ పడవెక్కి లాగుతుంటే, మిగతావాళ్లం ఆమాని కిందనుంచి నెట్టాం. బ్లీచ్ డబ్బా అడుగు కోసి చేసిన చెంబుతో నీళ్లు తోడి తోడి నా చేతులు పడిపోయాయి. ఆ రోజు నుంచి క్లబ్బులో నా పేరు నాలుగు.

డబ్బు సంగతికొస్తే, పడవే మన దగ్గర లాగుతుంది. క్లబ్బు ఖర్చులకి శనివారాలు రోడ్డు పక్కన హూలీహూలీ చికెన్ అమ్మేవాళ్లం. పడవ తిరగబడ్డా హూలీయే, చువ్వ మీద కోడి తిరిగినా హూలీయే. ఆ పొగ వాసన రెండ్రోజులు జుట్టుని వదలదు.

హవాయి రాష్ట్రంలో చివరి చెరకు మిల్లు మా పక్కనే పునేనేలో 2016లో మూతబడింది. ఇప్పుడు ఎటు చూసినా హోటల్ పనే. సరుకులు చాలావరకు ఓడల్లో రావాలి. అమెరికా రేవుల మధ్య తిరిగే ఓడ అమెరికాలోనే కట్టినదై ఉండాలని 1920 నాటి జోన్స్ చట్టం. దాంతో ఓడ కిరాయి ఎక్కువ, పాల ధర చూసినప్పుడల్లా ఆ చట్టాన్ని తిట్టుకునేవాణ్ణి. కందిపప్పు ఆన్‌లైన్‌లో కొందామంటే "హవాయికి డెలివరీ లేదు" అని వచ్చేది. అదీ అమెరికాయే కదా!

అయితే అద్దె గది మాత్రం నాకు పడవే ఇప్పించింది. ఇంటర్నెట్‌లో మూడు నెలలు వెతికినా దొరకలేదు. మూడో సీటతను తన పిన్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఆవిడ జీతం అడగలేదు, ఏ సీటు అని అడిగింది.

"ఫోర్" అన్నాను, ఈసారి ఇంగ్లీషులోనే.